గుండెలో మూర్ఛపోయిన గోడ

నేను పోయానన్న వార్త పలాస జీడిపప్పు బజారంతా ఒక్క పూటలో పాకిందట. బతికున్నానన్న వార్త మాత్రం ఇప్పటికీ కాశీబుగ్గ దాటి రాలేదు. మొన్న ఒకాయన నన్ను చూసి, స్కూటరుతో సహా కాలవలోకి దిగిపోయాడు. డాక్టరు గారు ఎక్కువ మాట్లాడవద్దన్నారు కాబట్టి ఇదంతా రాసి పెడుతున్నాను. రాయవద్దని ఆయన అనలేదు.

ఇంకో కారణం కూడా ఉంది. మావైపు వాళ్ళెవరైనా ఇది చదివి, నేను చేసిన పొరపాటు చేయకుండా ఉంటారేమోనని ఆశ. మా ఉద్దానం వాళ్ళు తప్ప భూమ్మీద ఇంకెవరూ చేయలేని పొరపాటు అది.

నా పేరు ఇస్సాకు. జీడిపిక్కల బేరగాణ్ణి. జీడితోట పూత మీద ఉండగా చూసి, అందులో ఎన్ని బస్తాల పిక్కలు దిగుతాయో చెప్పడం నా పని. ఆ మాట మీద ఫ్యాక్టరీ వాళ్ళు, రైతులు ముందే బేరం కుదుర్చుకుంటారు. నేను చెప్పిన బస్తాలన్నీ నిజంగా కాసి ఉంటే, ఈపాటికి ఉద్దానం ఆ బరువుకి సముద్రంలోకి ఒరిగిపోయి ఉండేది.

జనవరి చివర, పూత రోజులు

ఆ పొద్దున అక్కుపల్లి దగ్గర కూర్మయ్య గారి తోటలో ఉన్నాను. మంచు ఇంకా విడలేదు. చలికి మేకలు ఒకదాన్నొకటి కప్పుకుని నిలబడ్డాయి. అంత చలిలో నాకు చెమట పట్టింది. పట్టడమంటే అలా ఇలా కాదు, నా చొక్కా పిండితే ఆ తోటకి ఒక తడి సరిపోయేది. ఎడమ భుజం నుంచి దవడ దాకా ఎవరో మోకు వేసి లాగుతున్నారు. నడుం పీకుతోంది. కడుపులో తిప్పి, ఓ జీడిచెట్టు మొదట్లో వాంతి చేసుకున్నాను. ఛాతీలో నొప్పంటూ లేదు, బరువు. ఎవరో పిక్కల బస్తా తెచ్చి గుండెల మీద దింపేసి, ఇప్పుడే వస్తానని చెప్పి వెళ్ళిపోయినట్టు.

కూర్మయ్య గారు దగ్గరికొచ్చి చూశారు.

"ఏటి ఇస్సాకూ, వాంతా?"

"అవునండి."

"నడుం కూడా లాగతందా?"

"లాగతంది."

"మరింకేటి. కిడ్నీయే." ఆయన తలపాగా తీసి నిట్టూర్చారు.

బయటివాళ్ళకి ఇది వింతగా ఉంటుంది. మా దగ్గర ఎవరికేం వచ్చినా ముందు కిడ్నీయే. కాలు బెణికినా రక్తంలో క్రియాటిన్ ఎంతుందో, అంటే కిడ్నీ ఎంత పాడైందో, చూపించుకోమంటారు. ఊరికి కొత్త కోడలొస్తే పేరు తర్వాత, క్రియాటిన్ ముందు అడుగుతారు. నవ్వుతూ రాస్తున్నాను గానీ నవ్వే సంగతి కాదు. మా అన్నయ్య డయాలసిస్ కోసం బస్సుల్లో తిరిగి తిరిగి, చివరికి ఒక రోజు బస్సెక్కలేకపోయాడు. ఆ తోటల మధ్య ఏ ఊరికెళ్ళినా అలాంటి పేర్లు ఉంటాయి. ఇన్నేళ్ళుగా మేం ఒకే గుమ్మం వైపు చూస్తూ కాపలా కాస్తున్నాం. దొంగ పెరటి దారిన కూడా వస్తాడని మాకెవరికీ తోచలేదు.

కబురందుకుని నా బావమరిది సామేలు బండి మీద వచ్చాడు. నన్ను వెనక కూర్చోబెట్టుకుని, జారిపోకుండా తన కండువాతో నడుముకి కట్టేసుకున్నాడు.

"బయపడకు బావా. లేబులో రగతం ఇచ్చీసి ఎల్లిపోదాం. బేగి తేలిపోద్ది."

పలాసలో అడుగు పెట్టగానే ఒక క్లినిక్కు కనిపించింది. గోడ మీద మనిషంత ఎర్ర గుండె బొమ్మ. నేను దాని వైపు చూశాను. సామేలూ చూశాడు.

"అది గుండె డాట్రుది. మనకి పనేటి?" అని బండి వేగం పెంచాడు.

లేబులో బల్ల మీద కూర్చున్నాను. నా పక్కనున్న వాళ్ళంతా ఎదురుచూస్తున్నది ఒకే ఒక్క అంకె కోసం. పరీక్షా ఫలితాల రోజు కాలేజీ దగ్గర కూడా అంత నిశ్శబ్దం ఉండదు. చివరికి లోపలి నుంచి కుర్రాయన తల బయటపెట్టి, "ఇస్సాకు గారూ, మీ క్రియాటిన్ ఒకటి కూడా లేదండి. నార్మల్" అన్నాడు.

సామేలు నన్ను వాటేసుకున్నాడు. ముక్కూమొహం తెలియని ఒక ముసలమ్మ, "అదృట్టం బాబూ నీది" అని నా బుగ్గలు నిమిరింది. ఇంటికి ఫోన్ చేస్తే నా భార్య కరుణమ్మ అక్కడికక్కడే మోకరించి స్తోత్రం చెప్పిందట. ఆ సంతోషంలో ఎదురుగా ఉన్న బండి దగ్గరికి వెళ్ళి మిరపకాయ బజ్జీలు తిన్నాం. అంటే, నా గుండెలో ఒక గోడ రక్తం అందక కూలిపోతూ ఉంటే, నేను దాని ముందు నిలబడి బజ్జీలు తింటూ నా కిడ్నీలకి సన్మానం చేస్తున్నానన్నమాట.

రెండో బజ్జీ సగంలో ఉండగా బజారు పక్కకి ఒరిగింది.

ఆ తర్వాత నాకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. సామేలు నన్ను ఎత్తుకుని ఆ ఎర్ర బొమ్మ క్లినిక్కులోకే పరిగెత్తాడు. చూసినవాళ్ళు నేను పోయాననే అనుకున్నారట. ఛాతీకి తీగలు పెట్టిన డాక్టరు గారు కాగితం చూడగానే కుర్చీలోంచి లేచారు. ఏదో ఇంజక్షను. అంబులెన్సు. టెక్కలి దగ్గర హైవే మలుపులో ఆకాశం ఒకసారి కిటికీలో గిర్రున తిరిగింది. సామేలు నా చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నాడు.

"బావా, మాటాడు. ఏదో ఒకటి మాటాడు. నువ్వు మాటాడకపోతే నాకు బయమేత్తంది."

నన్ను మాట్లాడమని బతిమాలిన మొదటి మనిషి అతనే. ఆ అవకాశం వచ్చేసరికి నా దగ్గర మాట లేదు.

ఫిబ్రవరి, విశాఖపట్నం

గుండెకి నాలుగు గదులుంటాయని అక్కడే తెలిసింది. మా ఇంటికి రెండే. సొంత ఇంటికంటే విశాలమైన ఆస్తిని ఛాతీలో పెట్టుకుని, ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా వెల్ల వేయించలేదు.

మూసుకుపోయిన నరం తెరిచి అందులో స్టెంటు పెట్టారు. అది బాగానే కుదిరింది. మర్నాడు డాక్టరు గారు మంచం పక్కన నిలబడి, కరుణమ్మ వినేలా నెమ్మదిగా చెప్పారు. రావడం ఆలస్యమైంది కాబట్టి ముందు గోడ దెబ్బతింది. అందులో కొంత చచ్చిపోయింది, కొంత మూర్ఛపోయింది. ఏది చచ్చిందో ఏది మూర్ఛపోయిందో ఇప్పుడే తెలియదు. మూడు నెలలు ఆగి మళ్ళీ చూస్తారు. లేస్తే సరి. లేవకపోతే ఛాతీలో చిన్న యంత్రం పెట్టాలి. గుండె ఉన్నట్టుండి తాళం తప్పితే అది షాకిచ్చి దారిలోకి తెస్తుంది. అప్పుడిక బండి నడపడం, తోటల వెంట తిరగడం కుదరకపోవచ్చు.

బండి లేకపోతే తోటలు లేవు. తోటలు లేకపోతే నేను మా వీధి అరుగు మీద కూర్చుని దారినపోయేవాళ్ళ తలలు లెక్కపెట్టుకోవాలి. ఆ రోజు నుంచి మా ఇంట్లో అందరి ప్రశ్నా ఒకటే అయింది. గోడ లేస్తుందా, లేవదా?

నేను లోపల ఎయిర్ కండిషనింగులో వణుకుతూ ఉంటే, కరుణమ్మ బయట హాల్లో నేల మీద ఉండేది. తొందరలో పక్కబట్టలేమీ తెచ్చుకోలేదు. ఇచ్ఛాపురం అవతల నుంచి వచ్చిన ఒకావిడ తన చాప సగం ఇచ్చిందట. ఆవిడ భర్త నా పక్క మంచం. ఆవిడకి ఒడియా బాగా వచ్చు, తెలుగు కొంచెం. మా ఆవిడకి తెలుగు బాగా వచ్చు, ఒడియా అస్సలు రాదు. అయినా ఇద్దరూ పగలంతా మాట్లాడుకునేవారట. ఒక రోజు పొద్దున్నే ఆవిడ చాప చుట్టి మా ఆవిడ చేతిలో పెట్టింది.

"నువ్వు ఉంచుకో అక్కా. నాకింక పని లేదు."

పక్క మంచం ఖాళీ అయిందని నాకు తెలుసు. వార్డు మార్చారనుకున్నాను. చాప సంగతి కరుణమ్మ నాకు చాలా రోజుల తర్వాత చెప్పింది.

జయంతి గారు మా దగ్గరికి వచ్చింది ఆ రోజుల్లోనే. టెక్కలి అమ్మాయి, వాళ్ళ నాన్న గారు అక్కడ ఆఫీసులో గుమస్తా. ఈ ఆసుపత్రిలో గుండెపోటు మీద జరుగుతున్న రీసెర్చిలో పని చేస్తోంది. నన్ను అందులో చేరతారా అని అడిగింది. ఆ మాటకి సామేలు నాకూ ఆవిడకీ మధ్య గోడలా నిలబడ్డాడు.

"ఏటమ్మా, మా బావ మీద పెయోగం సేత్తారేటి?"

"లేదండి. కొత్త మందేదీ ఇవ్వం. డాక్టర్లు ఇచ్చే వైద్యమే. మేం వెంట ఉండి చూస్తాం, అంతే. మొదటి రోజుల్లో రక్తంలో, స్కానింగులో కనిపించే గుర్తుల్ని కంప్యూటరుకిచ్చి, వాటిని బట్టి ఎవరి గుండె కోలుకుంటుందో ముందే చెప్పగలమా అని. చెప్పగలిగితే, కోలుకోలేని వాళ్ళ మీద మొదటినుంచే ఎక్కువ శ్రద్ధ పెట్టొచ్చు కదండి."

నాకు ఒంట్లోకి కొత్త రక్తం వచ్చింది. "అంటే పూత సూసి కాపు సెప్తారు."

ఆవిడ కాస్త ఆలోచించి, "అలాగే అనుకోండి" అంది.

"మరి మంచు పడితే? తుఫానొత్తే?"

"అందుకేనండి నెలనెలా ఫోన్ చేసేది. పూత చూసి చెప్పి వెళ్ళిపోతే జోస్యం. కాపు దాకా వెంట ఉంటేనే రీసెర్చి."

ఇన్నేళ్ళ వృత్తిలో నేను కాపు దాకా వెంట ఉన్న తోట ఒక్కటీ లేదు. పిక్కలు రాలే వేళకి ఎప్పుడూ వేరే మండలంలో ఉండేవాణ్ణి, రైతుల కోపానికి దూరంగా, ఆరోగ్యరీత్యా. ఆ అమ్మాయి మీద గౌరవం కలిగి చేరతానన్నాను.

"మరి నా సంగతి మీ కంప్యూటరు ఏటన్నాది?"

"అది నాకూ తెలీదండి. అందరివీ పూర్తయ్యాకే చూస్తారు. ముందే చెప్తే ఏమవుతుంది? లేవదంటే మీరు మంచం దిగరు. లేస్తుందంటే బండి దిగరు."

మార్చి, పలాస

కంప్యూటరు నోరు కట్టేసుకుందని తెలిశాక పలాస అంతా ఆ పని తన నెత్తిన వేసుకుంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు నా మొహం చూసి గోడ సంగతి తేల్చేవారు. పాస్టరు గారు చేసిన ప్రార్థన ఎంత పొడవంటే, అది మొదలైనప్పుడు మధ్యాహ్నం మాత్రలు, ఆమెన్ అనేసరికి రాత్రి మాత్రలు. కూర్మయ్య గారు నా చుట్టూ ఒకసారి తిరిగి, తోటని చూసినట్టు చూసి, "పర్నేదు. పూత నిలిచినట్టే ఉంది" అన్నారు. బయటికెళ్ళి సామేలుతో వేరే మాట చెప్పారని తర్వాత తెలిసింది.

నెల మొదట్లో మొదటి ఫోన్ వచ్చింది.

"ఇస్సాకు గారూ, ఎంత దూరం నడవగలుగుతున్నారు?"

"కాశీబుగ్గ బస్టాండుదాకా ఎల్లి వత్తన్నానమ్మా."

"మెట్లు?"

"మెట్లేటమ్మా, మొన్న కొబ్బరిచెట్టే ఎక్కుదామనుకున్నాను."

"ఆయాసం ఏమైనా?"

"నాకు నేదు. నా ఎనకొచ్చినోళ్ళకి వత్తంది."

"ఎప్పుడైనా భయంగా ఉంటోందా?"

"నన్ను సూసి బయమే తోవ మార్చుకుంటంది."

ఆవిడ నవ్వింది. నాకు తృప్తిగా ఉంది. నిజానికి నేను నడుస్తున్నది పెరట్లో పనసచెట్టు దాకా. అక్కడ ఒక రాయి ఉంది. దాని మీద కూర్చుని, మళ్ళీ ఇంటికి బయల్దేరడానికి ధైర్యం కూడగట్టుకునేవాణ్ణి. ఆ దారిలో మా పెరటి కోడి నన్ను రెండుసార్లు దాటి వెళ్ళి, వెనక్కి తిరిగి జాలిగా చూసేది.

ఎందుకలా చెప్పానంటే, అలవాటే అనుకుంటారు. అది సగమే. ఆ ప్రశ్నలు నాకు పరీక్షలా అనిపించాయి. జవాబులు బాగా రాస్తే పాసవుతాను. నా గుండె నా మాటలు విని, 'ఓహో, మనం కాశీబుగ్గ దాకా వెళ్తున్నామా' అనుకుని లేచి కూర్చుంటుందని ఏదో ఒక మూల నమ్మకం.

నెలాఖరు ఫోన్‌లో కాశీబుగ్గని కూడా దాటి హైవే ఎక్కాను. అప్పటిదాకా గుమ్మంలో నిలబడి వింటున్న కరుణమ్మ వచ్చి నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"అమ్మా, నాను ఆయన ఇంటిదాన్ని. ఆయన సెప్పింది ఒక్క ముక్క కూడా రాసుకోకు. కాశీబుగ్గా నేదు, గీశీబుగ్గా నేదు. పనసచెట్టుకాడికి ఎల్తన్నాడు, కూకుంటన్నాడు. వచ్చినాక ఊపిరందక గోడట్టుకుని నిలబడతన్నాడు. పడుకుంటే దగ్గొచ్చి లేచీసి రెండు తలగడాలు ఏసుకుంటన్నాడు."

"సరే, మీ ఆడోళ్ళిద్దరూ మాటాడుకోండి" అని నేను లేవబోయాను. ఫోన్ మళ్ళీ నా చెవి దగ్గరికి వచ్చింది.

జయంతి గారు కోప్పడలేదు. అదే ఇబ్బంది.

"ఇస్సాకు గారూ, మీరెన్ని చెప్పినా మీ గుండె ఎలా ఉందో స్కానింగులో తెలిసిపోతుందండి. కానీ రేపు మీలాగే ముందు గోడ పడిపోయిన మనిషి ఒకాయన సముద్రం ఒడ్డున ఏ డొంకూరు నుంచో వస్తాడు. ఆయన వివరాల పక్కన మీ జవాబులు పెట్టి చూస్తాం. ఇంత దెబ్బ తగిలినాయన రెండు నెలలకే హైవే దాకా నడిచాడు కదా, ఈయనకీ ఫర్వాలేదులే అనుకుంటాం. ఇంటికి పంపించేస్తాం."

నేను ఫోన్ ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చాను.

"ముందు ఆ దగ్గు సంగతి డాక్టరు గారికి చెప్తాను. రేపే రండి."

వెళ్ళాం. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందన్నారు. ఒక మాత్ర పెంచారు, ఒకటి కొత్తగా ఇచ్చారు. ఆ వారంలోనే ఒక తలగడ తీసేశాను. నేను చెప్పిన మాటల మీదే ఉండి ఉంటే ఏమయ్యేదో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ డొంకూరు మనిషి మాత్రం నన్ను వదల్లేదు. లేని మనిషే. కానీ నా చేతిలో పడ్డాక ఎవరూ ఉన్నంతలో ఉండరు. రెండు రోజుల్లో అతనికి మీసాలొచ్చాయి. తర్వాత నీలం రంగు పడవ, సముద్రపు ఎండకి మాడిన మెడ, వల బాగుచేస్తూ గొణుక్కునే ముసలి తండ్రి. ఆఖరికి ఒక భార్య వచ్చి ఆసుపత్రి హాల్లో చాప లేకుండా కూర్చుంది. అతని గోడా మూర్ఛపోయే ఉంది. నా మాట నమ్మి అతన్ని ఇంటికి పంపించేస్తున్నారు. పనసచెట్టు కింద రాయి మీద కూర్చున్నప్పుడల్లా ఆ మనిషి ఎదురుగా వచ్చి కూర్చునేవాడు.

ఏప్రిల్, పిక్కలు రాలే రోజులు

తోటల్లో జీడిపళ్ళ వాసన రోడ్డు దాకా వస్తోందని సామేలు చెప్పాడు. నేను ఏ మండలంలోనూ తిరగని మొదటి కాపు. నన్ను తిట్టడానికి ఈసారి రైతులు ఏ మండలమూ వెతుక్కోనక్కర్లేదు, తిన్నగా ఇంటికే రావచ్చు. వచ్చారు కూడా, కానీ జీడిపళ్ళు, పనసకాయలు పట్టుకుని. తిట్లకంటే అవి బరువుగా అనిపించాయి.

ఫోన్ వచ్చేసరికి కరుణమ్మ నా ఎదురుగా కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. ఫోన్ లాక్కోవడానికి వీలుగా దగ్గరగానే కూర్చుంది.

"ఎంత దూరం నడుస్తున్నారు?"

"మా వీధి సివర సర్చి ఉందమ్మా. దాని గేటు దాకా. వచ్చేటప్పుడు ఒక సోట ఆగుతాను."

"ఆయాసం?"

"ఎత్తెక్కితే ఉంది."

"భయంగా ఉంటోందా?"

నాకు నోటి చివర దాకా ఒక మంచి జోకు వచ్చింది. నిజంగా మంచిదే. దాన్ని మింగాను.

"ఉందమ్మా" అన్నాను. "నీళ్ళోసుకునేటప్పుడు తలుపు గడియ ఎయ్యడం మానీసాను, లోపల పడిపోతే ఎవలూ రానేరని. సొక్కా బొత్తాలు పెట్టుకుంటా సెయ్యి ఆగిపోతంది. లోపల కొట్టుకుంటందా నేదా అని సూత్తాను. ఎవలైనా నవ్వించమంటే నవ్విత్తన్నాను గానీ, ఎక్కువ నవ్వితే ఏటవుతాదో అనీసి మద్దిలో ఆపీత్తన్నాను."

అవతల ఆవిడ రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఇవతల చేటలో బియ్యం చప్పుడు ఆగిపోయింది. కరుణమ్మ తలెత్తలేదు. ఒకే బియ్యపు గింజని వేళ్ళ మధ్య పట్టుకుని చాలాసేపు చూసింది, అందులో రాయి ఉందన్నట్టు.

ఫోన్ పెట్టేశాక కూడా ఆ విషయం ఎత్తలేదు. మర్నాడు స్నానానికి వెళ్ళి చూస్తే తలుపుకి గడియే లేదు. సామేలు చేత ఊడదీయించేసింది. ఆ రంధ్రాల్లోంచి మా కోడి కూడా లోపలికి తొంగిచూసింది.

మే, మళ్ళీ విశాఖపట్నం

ఎకో గదిలో ఛాతీకి చల్లని జెల్లీ రాశారు. ఎండలో నుంచి వచ్చిన ఒంటికి అది తగలగానే, ఉద్దానం మంచంతా మీద పడినట్టయింది. కరుణమ్మని కూడా లోపలికి రానిచ్చారు. తెర మీద నా గుండె కనిపించింది. ఇన్ని మాటలు చెప్పే మనిషి గుండె చూడడానికి అలా ఉంటుందనుకోలేదు. చీకట్లో ఒక చిన్న జంతువు ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంది.

డాక్టరు గారు చాలాసేపు మాట్లాడలేదు. అంతసేపు మాట్లాడకుండా ఉండే మనుషుల్ని నేను నమ్మను. చివరికి తెర మీద వేలు పెట్టారు.

"ఇదిగో, ఈ కొన లేవలేదు. ఇక లేవదు కూడా. కానీ పైనంతా చూడండి, కదులుతోంది. యంత్రం అక్కర్లేదు."

కరుణమ్మ తెర దగ్గరికి వంగింది. "ఇదేనేటండి? ఇలగ మెల్లగా కదులుతున్నాదే, ఇదేనా?"

"అదేనమ్మా."

"శానా కట్టపడతంది పాపం" అంది, అది నాది కానట్టు.

బండి ఇంకో నెల పోయాక, దగ్గర ఊళ్ళకే, ఎండ లేనప్పుడు. బస్తా ఎత్తకూడదు. మాత్రలు మానకూడదు. అన్నిటికీ తలూపాను. నాకు ఆ గదిలో గంతులేయాలనిపించింది. ఎక్కువ గంతులేస్తే ఏమవుతుందో అని మధ్యలో ఆపేశాను.

బయట జయంతి గారు ఉంది. కంప్యూటరు ఏం చెప్పిందో ఇప్పుడైనా చెప్తారా అని సామేలు ఫోన్ చేసి మరీ అడగమన్నాడు. నేను అడగలేదు. నా కాపు నేను కళ్ళారా చూసుకున్నాను. కంప్యూటరు మాటతో ఇక పని నాకు కాదు, ఆ డొంకూరు మనిషికి.

"ఇంకొక్క పని మిగిలిందండి" అంది ఆవిడ. "కరుణమ్మ గారితో మాట్లాడాలి. రోగిని చూసుకున్న ఇంటివాళ్ళు ఎలా ఉన్నారన్నది కూడా ఇందులో ఒక భాగం."

కరుణమ్మ నా వైపు చూసింది. "నాతోనా? నాకేటయింది?" అంటూనే లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది.

నేను బయట కుర్చీలో కూర్చున్నాను. ఇన్ని నెలల్లో తలుపుకి ఇవతలి వైపు కూర్చోవడం నాకదే మొదలు. కాఫీ కాచినంతసేపట్లో వచ్చేస్తుందనుకున్నాను. ఆ కాఫీ చల్లారింది, మళ్ళీ కాచారు, మళ్ళీ చల్లారింది. గోడ మీద బల్లి ఒకటి నాలుగు పురుగుల్ని తిని విశ్రాంతి తీసుకుంది. తలుపు తెరుచుకోలేదు. లోపల ఏం జరుగుతోందో తెలియదు. ఎవరినైనా అడుగుదామంటే అటూ ఇటూ నడిచే నర్సులందరూ ఎంతో పనున్న మొహాలు పెట్టుకున్నారు. ఈ హాల్లో కరుణమ్మ ఎన్ని రోజులు ఇలా కూర్చుందో అప్పుడు తెలిసింది.

వచ్చేసరికి చీర చెంగు తడిగా ఉంది.

"ఏటడిగిందే?"

"ఎలగున్నావని అడిగింది."

"ఇంతసేపూ అదేనా?"

"అదే. అన్ని రకాలుగానూ అదే అడిగింది." నా పక్కన కూర్చుంది. "నిద్ర పడతందా అంది. ఎందుకు పట్టదు, ఆయన ఊపిరి ఇనబడినంతసేపూ నిద్రోతాను, ఇనబడకపోతే లేచి కూకుంటాను అన్నాను. నిద్రలో ఉంటే ఊపిరి ఇనబడతందో నేదో మీకెలా తెలుత్తాదండీ అంది ఆ గుంట." చెంగు కొన వేలికి చుట్టుకుంది. "నిజమే కదా మావా. అప్పుడు తెలిసింది నాకు, నాను నిద్దరోడం నేదని."

"నాకు సెప్పనేదేటి?"

"నువ్వడగనేదు."

కోపంగా అనలేదు. బస్సెప్పుడని అడిగితే చెప్పినట్టు చెప్పింది.

మధ్యాహ్నం రైలెక్కాం. కిటికీ పక్క సీటు ఆమెకిచ్చాను. కొత్తవలస దాటక ముందే తల కిటికీ ఊచలకి ఆనింది. నోరు కొంచెం తెరుచుకుంది. ఆ నిద్ర మామూలు నిద్ర కాదు. మూడు నెలల నిద్ర మూటగట్టుకుని వచ్చి ఒకేసారి మీద పడినట్టుంది. సమోసాలాయన అరవబోతే నేను చూసిన చూపుకి అతని సమోసాలు చల్లారిపోయాయి. చంటిపిల్ల ఏడవబోతే వాళ్ళమ్మ కంటే ముందు నేనే ఊరుకోబెట్టాను. శ్రీకాకుళం రోడ్డు దాటింది. నౌపడ దగ్గర ఉప్పుమళ్ళ మీద సాయంకాలపు ఎండ తెల్లగా మెరిసి ఆమె మొహం మీద పడితే, కండువా అడ్డం పట్టుకుని కూర్చున్నాను. ఆమె ఊపిరి వింటూ ఉన్నాను. అది వినడానికి మనిషి నిజంగానే మేలుకుని ఉండాలి.

పలాస వచ్చింది.

లేపాలి. చెయ్యి భుజం దాకా వెళ్ళింది. సంచీ భుజాన వేసుకున్నాను కూడా. ప్లాట్‌ఫారం మీద మావాళ్ళు, మా కూలీలు, మా టీ కొట్టు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. రైలు కూత వేసింది. మా ఊరు మెల్లగా వెనక్కి వెళ్ళిపోయింది.

టికెట్ కలెక్టరు వచ్చాడు. "పలాస దాకానే కదండీ ఇది?"

"ష్" అన్నాను. "ఏం రాయాలో రాయండి బాబూ. మెల్లగా రాయండి."

ఆయన ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు, నిజంగానే మెల్లగా రాశాడు.

సోంపేట వచ్చింది, వెళ్ళింది. ఇచ్ఛాపురంలో ఎవరో కిటికీ పక్కనే ఒడియాలో గట్టిగా పిలిచేసరికి ఆమె కళ్ళు తెరిచింది. బయట బోర్డు చూసి, గబుక్కున లేచి నిలబడింది.

"ఇదేటి! ఇచ్ఛాపురమా?"

"ఔను. దిగు, బండి కదిలిపోద్ది."

దిగాం. రైలు ఒడిశా వైపు వెళ్ళిపోయింది. ఆమె ఇంకా చెంగు సవరించుకుంటూ చుట్టూ చూస్తోంది.

"పలాస రానేదేటి?"

"వచ్చింది. నువ్వు నిద్దరోతన్నావు."

నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "తిరుగు బండి ఎప్పుడట?"

"ఇంకా శానా సేపుంది."

ప్లాట్‌ఫారం మీద సిమెంటు బల్ల ఖాళీగా ఉంది. కండువా మడతపెట్టి దాని ఒక చివర పెట్టాను. ఆమె దాని వైపు చూసింది, అటుగా వెళ్తున్న జనం వైపు చూసింది.

"నలుగురూ సూత్తారు మావా."

"సూడనీ. నాను మెలకువగానే ఉంటాను."

ఆమె చెప్పులు విప్పి బల్ల కిందకి తోసి, తల వాల్చింది.